వేలి అంచనాతో పసి గొంతులకు ముప్పు
ఆపరేషన్‌కు, వెంటిలేటర్‌కు పిల్లల గొంతులో వేసే శ్వాస గొట్టం చుట్టూ గాలితో ఉబ్బే బెలూన్ లాంటి పట్టీ, అంటే కఫ్‌లో ఒత్తిడిని మీటరుతో కొలవకుండా వేలితో అంచనా వేసే అలవాటు ఇంకా పోలేదు. పన్నెండేళ్లుగా థియేటర్ నర్సుగా చూస్తున్నాను, ఆ కఫ్‌కు కలిసి బయట వేలాడే బుల్లి బెలూన్‌ను నొక్కి 'సరిపోయింది' అనేస్తారు. అలా 'సరిపోయిన' ఒక కఫ్‌కు మీటరు పెడితే 50 సెంటీమీటర్ల నీటి ఒత్తిడి చూపించింది. పిల్లల్లో సాధారణంగా 20 దాటనివ్వకూడదు. దాటితే శ్వాసనాళం లోపలి పొరకు రక్తం సరిగా అందదు, పుండు పడుతుంది, అది మానేటప్పుడు దారే ఇరుకైపోవచ్చు. గొట్టం తీశాక ఊపిరి పీల్చేటప్పుడు కూత వస్తుంటే జలుబనుకుని సిరప్ రాసిచ్చిన సందర్భమూ చూశాను. పైగా మత్తు కోసం నైట్రస్ ఆక్సైడ్ వాడితే ఆ వాయువు కఫ్‌లోకి చేరి, మొదట బాగున్న ఒత్తిడి కూడా పెరిగిపోతుంది, కాబట్టి ఒక్కసారి చూస్తే చాలదు. కఫ్ గొట్టాలే వద్దనడం లేదు, వాటి లాభాలు వాటికున్నాయి. వెంటిలేటర్ కొనగలిగిన ఆసుపత్రికి ఈ మీటరు ఏపాటి ఖర్చు? పిల్లల ఐసీయూ, థియేటర్ ప్రతిదానిలో ఒకటి ఉండాలి. షిఫ్టు మారినప్పుడు, బిడ్డను కదిపినప్పుడు కొలిచి, చార్టులో బీపీ పక్కనే రాయాలి. తనిఖీకి వచ్చే ఆరోగ్యశాఖ అధికారులు ముందు ఆ గడి నిండిందో లేదో చూడాలి.
– ఓ థియేటర్ నర్సు, గుంటూరు