కొత్త సామాను కొనే ముందు మీటరు పెట్టి చూడు

చిన్నా,

నువ్వు పంపిన వీడియో మళ్ళీ మళ్ళీ చూశాను. మోకాళ్ళ నొప్పులతో నాన్న సైకిల్ మూలన పెట్టేశారని అమ్మ చెప్పినప్పటి నుంచీ నాకు అదే బాధ. దానికి మోటారు పెట్టాలన్న ఆలోచన నీకు రావడం ఎంత బాగుందో! దగ్గరుంటే నేనే విప్పి చూసేదాన్ని. ఇక్కడి నుంచి రాయడమే చేయగలను, కాబట్టి ఓపిగ్గా చదువు.

మోటారుకి కరెంటు అందించే పెట్టె, అదే కంట్రోలర్, పోయింది, కొత్తది తెప్పిస్తానన్నావు. ఆగు. నువ్వు చెప్పినవి రెండు వేర్వేరు సమస్యలు. బయలుదేరేటప్పుడు చక్రం గడగడా వణకడం ఒకటి, ఎత్తు ఎక్కేటప్పుడు టక్కున ఆగిపోవడం ఇంకొకటి. రెండింటినీ కలిపి ఆలోచిస్తే ఏదీ తేలదు.

ముందు వణుకు సంగతి. మోటారు లోపల మూడు హాల్ సెన్సర్లు ఉంటాయి. అయస్కాంతాలు ఎక్కడున్నాయో కంట్రోలర్‌కి తెలిసేది వాటివల్లే. ఒక్కటి పనిచేయకపోయినా కరెంటు ఏ ఫేజుకి, అంటే మోటారులోని మూడు తీగచుట్టల్లో దేనికి, పంపాలో దానికి అర్థం కాదు, చక్రం ముందుకీ వెనక్కీ కొట్టుకుంటుంది. ఆ సెన్సర్ల నుంచి వచ్చే సన్న వైర్ల కనెక్టర్ విప్పి చూడు. పిన్ను ఒకటి వెనక్కి జారిపోయి ఉండటం చాలా మామూలు. మోటారుకి కరెంటు తెచ్చే లావు వైర్లు మూడూ గట్టిగా ఉన్నాయో లేదో కూడా లాగి చూడు. అన్నీ బాగుంటే కనెక్టర్ మళ్ళీ పెట్టి, చక్రం గాల్లో ఉండేలా సైకిల్ నిలబెట్టి, బ్యాటరీ ఆన్ చెయ్యి. మీటరు నల్ల ప్రోబు నల్ల వైరుకి, ఎర్ర ప్రోబు పసుపు వైరుకి కనెక్టర్ వెనకవైపు నుంచి ఆనించి, చక్రాన్ని చేత్తో నిదానంగా తిప్పు. నీది లోపల గేర్లున్న హబ్ మోటారు, అందుకని వెనక్కి తిప్పాలి. ముందుకి తిప్పితే లోపల మోటారు కదలదు. రీడింగ్ ఒకసారి సున్నా దగ్గరికి, ఒకసారి 5 వోల్టుల దగ్గరికి మారుతూ ఉండాలి. మిగతా రెండు సెన్సర్లవైన ఆకుపచ్చ, నీలం వైర్లకీ అంతే. ఏదైనా ఒకటి కదలకుండా ఉండిపోతే దొంగ దొరికినట్టే. సెన్సర్లకి కరెంటు ఇచ్చే ఎర్ర వైరులో అసలు 5 వోల్టులే రాకపోతే అప్పుడు కంట్రోలర్‌ని అనుమానించు. ప్రోబు జారి రెండు పిన్నులకి ఒకేసారి తగలకుండా చూసుకో.

ఇక ఎత్తు మీద ఆగడం. ఆగినప్పుడు డిస్‌ప్లే కూడా ఆరిపోతోందా? ఆ మాటే రాయలేదు నువ్వు. ఆరిపోతే బ్యాటరీలో దాన్ని కాపాడే సర్క్యూట్, అదే బీఎంఎస్, కరెంటు ఆపేసిందన్నమాట. వెలుగుతూనే ఉంటే ఆపింది కంట్రోలర్. ఫుల్ చార్జ్‌లో 42 వోల్టులు చూపిస్తోంది కాబట్టి బ్యాటరీ బాగున్నట్టేనని అనుకోకు. నీది లాంటి 36 వోల్టుల ప్యాకులో 10 సెల్ గ్రూపులు వరసగా ఉంటాయి. అందులో ఒక్కటి నీరసపడినా, మోటారు గట్టిగా లాగినప్పుడు దాని వోల్టేజీ పడిపోతుంది, బీఎంఎస్ మొత్తం ప్యాకునే ఆపేస్తుంది. కాసేపటికి ఏమీ జరగనట్టు మళ్ళీ మంచి రీడింగే వస్తుంది. కాబట్టి లోడ్ మీద ఉన్నప్పుడే వోల్టేజీ చూడాలి. ఎక్కి దిగాక బ్యాటరీ కనెక్టర్‌ని తాకి కూడా చూడు, వేడెక్కితే లోపం అక్కడే ఉండొచ్చు. ప్యాకు మాత్రం నువ్వు విప్పకు, అది తెలిసినవాళ్ళ చేతికే ఇవ్వు.

48 వోల్టుల బ్యాటరీ పెడదామన్నావు, వద్దు రా. పేరుకే 48, ఫుల్ చార్జ్‌లో అది 54.6 వోల్టులు. 36 వోల్టుల కంట్రోలర్లు చాలావాటిలో కెపాసిటర్లు 50 వోల్టులవే ఉంటాయి. బాగున్న కంట్రోలర్ కాస్తా నిజంగానే పోతుంది.

నాకు అన్నిటికన్నా టెన్షన్ పెట్టింది వేరే ఉంది. ఫోటోలో టార్క్ ఆర్మ్, అంటే ఇరుసు తిరిగిపోకుండా ఫోర్కుకి పట్టి ఉంచే లోహపు పట్టీ, కనబడలేదు. మోటారు ముందు చక్రానికి పెట్టావు, ఫోర్కేమో అల్యూమినియంది. మోటారు లాగినప్పుడల్లా ఇరుసు ఎదురు తిరగాలని చూస్తుంది. నట్లు ఎంత బిగించినా చాలదు. ఫోర్కు చీలిందంటే వైర్లు తెగుతాయి, చక్రం ఊడుతుంది, పైన ఉండేది నాన్న. టార్క్ ఆర్మ్ బిగించేదాకా ఆయన్ని ఎక్కనివ్వకు.

చార్జింగ్ అందరూ నిద్రపోయాక పెట్టకు, గుమ్మం దగ్గర అసలే వద్దు, నిప్పంటుకుంటే బయటికి దారి ఉండదు.

డిస్‌ప్లే సంగతి, మూడు వైర్ల రీడింగులూ రాసి పంపు. ఆదివారం వీడియో కాల్‌లో ఇద్దరం కలిసి చూద్దాం. మీటరు, టార్చి దగ్గర పెట్టుకో.

అమ్మానాన్నలకి నా నమస్కారాలు.

ప్రేమతో,
అక్క