బువా తోంగ్ జలపాతానికి వచ్చేవాళ్లకి

అందరికీ, ఈ జలపాతం థాయిలాండ్‌లోని చియాంగ్ మాయ్ నుంచి ఉత్తరంగా సుమారు 60 కి.మీ., కారులో గంటన్నర. తిరిగొచ్చేటప్పుడు అక్కడ బండి దొరకడం కష్టం, రానూపోనూ మాట్లాడుకోండి.

ముందు మెట్ల మీదుగా కిందికి దిగి, జలపాతం నీళ్లలోంచే పైకెక్కాలి. ఊటనీటిలోని సున్నం పేరుకుని రాయి గరుక్కాగితంలా ఉంటుంది, పాదానికి భలే పట్టు దొరుకుతుంది. కాబట్టి చెప్పుల్లేకుండానే ఎక్కండి. లేతపసుపు రంగు రాయి మీదే అడుగేయండి. అంచుల్లో, నీరు నిలిచే గుంటల్లో ఆకుపచ్చగా, నున్నగా కనిపించేది పాచి. జారేది అక్కడే. నిటారుగా ఉన్నచోట తాళ్లున్నాయి, వదలొద్దు. పిల్లలకి ఒక అడుగు కింద పెద్దవాళ్లు ఉండాలి. జీన్స్, చున్నీలు వద్దు, తడిస్తే మహా బరువు. మార్చుకునే బట్టలు, తువ్వాలు మర్చిపోకండి.

పైనున్న చెట్ సీ ఊట (అంటే ఏడు రంగులు) చూడ్డానికే, అందులో దిగొద్దు.