"ఎగ్జామ్ ఫీతో కలిపి" అని మీరే రాసిచ్చారు: ఒక సీసీఎన్‌ఏ విద్యార్థిని ఫిర్యాదు

హైదరాబాద్,
15 సెప్టెంబరు 2025

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

విషయం: 2025 జనవరి బ్యాచ్, సీసీఎన్‌ఏ (సిస్కో కంపెనీ నెట్‌వర్కింగ్ పరీక్ష) - నెట్‌వర్క్ ప్లస్ (కాంప్‌టియా సంస్థ నెట్‌వర్కింగ్ పరీక్ష) ప్యాకేజీ. పాత సిలబస్ చెప్పడం, పరీక్ష ఫీజు ఇవ్వకపోవడం, విద్యార్థులకు డంప్స్ (దొంగతనంగా బయటికి వచ్చిన పరీక్ష ప్రశ్నలు, జవాబులు) పంచడం గురించి.

అయ్యా,

నేను మీ శిక్షణ సంస్థ అమీర్‌పేట శాఖలో జనవరి 20న చేరాను. పరీక్ష తప్పి ఆ ఉక్రోషంతో రాస్తున్నానని అనుకోవద్దు. ఆగస్టు 9న సీసీఎన్‌ఏ పాసయ్యాను. గత నెలాఖరున గచ్చిబౌలిలో ఒక కంపెనీ నెట్‌వర్క్ మానిటరింగ్ టీములో ట్రైనీగా కూడా చేరాను. ఆ రెండింటికీ మీరిచ్చిన చదువు దాదాపు ఏమీ పనికి రాలేదు కాబట్టే, ఉద్యోగం వచ్చాక కూడా కూర్చుని ఈ లేఖ రాస్తున్నాను.

మా నాన్నగారు మిర్యాలగూడలో రైసు మిల్లులో కాంటా దగ్గర పనిచేస్తారు. నన్ను చేర్పించడానికి మిల్లుకు సెలవు పెట్టి వచ్చారు. మైత్రీవనం దగ్గర దిగాక, గోడల నిండా కోర్సుల కాగితాలు చూసి, "ఇన్ని ఉన్నాయేందమ్మా, ఏది మంచిదో ఎట్ల తెలుస్తది?" అన్నారు. మీ కౌన్సెలర్ ఆయనకు కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, మర్యాదగానే మాట్లాడారు. "అంకుల్, మీరేం టెన్షన్ పెట్టుకోకండి. ఎగ్జామ్ ఫీజు కూడా ఇందులోనే. ప్లేస్‌మెంట్ హండ్రెడ్ పర్సెంట్ గ్యారంటీ" అన్నారు. నాన్న అదే ప్రశ్న రెండోసారి అడిగి, "ఆ పరీక్ష ఫీజు సంగతి కాగితం మీద రాసియ్యండి సార్" అన్నారు. కౌన్సెలర్ రసీదు వెనక పెన్నుతో "ఎగ్జామ్ ఫీతో కలిపి" అని రాసి, కింద పొట్టి సంతకం పెట్టారు. మొత్తం 52,000 రూపాయలు. ట్యూషన్ 22,000, పరీక్షకు 30,000 అని నోటిమాటగా లెక్క చెప్పారు. అందులో నలభై వేలు అమ్మ గొలుసు బ్యాంకులో కుదువ పెట్టి తెచ్చినవి.

మొదటి మూడు వారాల గురించి నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఆ ట్రైనర్ గారు నిజంగా మంచి టీచర్. సబ్‌నెటింగ్ (పెద్ద నెట్‌వర్క్‌ను చిన్న ముక్కలుగా విడదీసే లెక్క) అంటే భయపడి చచ్చే నాకు 256 లోంచి మాస్కు చివరనున్న 224 తీసేయమని, వచ్చిన 32తో ఎక్కాలు చదివినట్టు 0, 32, 64, 96 అని లెక్కపెట్టమని నేర్పించారు. స్లాష్ 27 అంటే 32 అడ్రసులు, మొదటిదీ చివరిదీ వదిలేస్తే 30 మెషీన్లకు సరిపోతాయి. ఈ రోజుకీ డ్యూటీలో అలాగే లెక్క వేసుకుంటున్నాను. నాలుగో వారం ఆయన రాలేదు. ఎందుకు మానేశారో మాకెవరూ చెప్పలేదు.

తర్వాత వచ్చిన ట్రైనర్ పాత స్లైడ్లు తెరిచి నాలుగు రోజులు ఫ్రేమ్ రిలే అనే పాతకాలపు కనెక్షన్ పద్ధతి చెప్పారు. ఆ తర్వాత వారం పైగా ఈఐజీఆర్‌పీ, అంటే రౌటర్లు దారులు తెలుసుకునే ఒక రౌటింగ్ ప్రోటోకాల్. నేను శ్రద్ధగా రాసుకున్నాను. నోట్సు చూస్తే మీకే తెలుస్తుంది, ఒక్క క్లాసు కూడా వదల్లేదు.

మార్చిలో ఒక రాత్రి ఎస్సార్ నగర్ హాస్టల్‌లో సిస్కో వాళ్ల సైటు నుంచి పరీక్ష అంశాల జాబితా డౌన్‌లోడ్ చేసి, జిరాక్స్ షాపులో ప్రింట్ తీయించుకున్నాను. ఆరు భాగాలు. నెట్‌వర్క్ ఫండమెంటల్స్‌కు 20 శాతం, నెట్‌వర్క్ యాక్సెస్‌కు 20, ఐపీ కనెక్టివిటీకి 25, ఐపీ సర్వీసెస్‌కు 10, సెక్యూరిటీకి 15, ఆటోమేషన్‌కు 10. పెన్సిల్ తీసుకుని క్లాసులో చెప్పినవాటికి టిక్కు పెట్టుకుంటూ వచ్చాను. మూడో భాగం సగం దాటాక పెన్సిల్ ఆగిపోయింది. అంతకుముందు భాగాల్లోని వైర్‌లెస్ కూడా చెప్పలేదు. వైర్‌లెస్ కంట్రోలర్ అన్న మాటే క్లాసులో వినలేదు. ఏపీఐలు, జేసాన్, యాన్సిబుల్, టెర్రాఫామ్ లాంటి ఆటోమేషన్ అంశాలు ఉన్న ఆరో భాగం మొత్తం ఖాళీ. మేము వారం పైగా చదివిన ఈఐజీఆర్‌పీని కాన్ఫిగర్ చేయాలని ఆ జాబితాలో ఎక్కడా లేదు. రౌటింగ్ ప్రోటోకాల్స్‌లో కాన్ఫిగర్ చేయాల్సింది ఓఎస్‌పీఎఫ్ అనే మరో ప్రోటోకాల్ ఒక్కటే. ఫ్రేమ్ రిలే అయితే 2016లోనే సిలబస్ నుంచి పోయింది.

200-301 అనే నంబరున్న ఈ సీసీఎన్‌ఏ పరీక్ష 2020 ఫిబ్రవరి 24న మొదలైంది. అంతకుముందు రెండు పేపర్లుగా కూడా రాయగలిగిన పరీక్షను అప్పుడు ఒక్కటిగా చేశారు. 2024 ఆగస్టు 20న దానిలోనే 1.1 వెర్షన్ వచ్చింది. నేను చేరేనాటికి మొదటి మార్పుకు దాదాపు అయిదేళ్లు, రెండోదానికి అయిదు నెలలు. అంత పాత స్లైడ్లు మార్చడానికి మీకు సమయం దొరకలేదంటే ఎలా నమ్మాలి? నెట్‌వర్క్ ప్లస్ పుస్తకం కూడా అంతే. అట్ట మీద ఎన్10-007 అని ఉంది. ఆ పరీక్షను కాంప్‌టియా 2022లోనే ఆపేసింది. దాని తర్వాత వచ్చిన 008 కూడా 2024 డిసెంబరుతో ముగిసింది. మేం చేరేనాటికి రాయడానికి ఉన్నది 009 ఒక్కటే.

మరుసటి రోజు ఆ కాగితం తీసుకెళ్లి ట్రైనర్ గారికి చూపించాను. "అవి ఎగ్జామ్‌లో పెద్దగా రావమ్మా" అన్నారు. అకడమిక్ హెడ్ గారిని కలిస్తే "బేసిక్స్ స్ట్రాంగ్‌గా ఉంటే చాలు" అన్నారు. ఆ కాగితాన్ని ఇద్దరిలో ఒక్కరు కూడా చేతిలోకి తీసుకోలేదు.

ఇక ప్రాక్టీసు పరికరాలు పెట్టే ర్యాక్ సంగతి. మీ కరపత్రంలో అన్‌లిమిటెడ్ ల్యాబ్ అని ఉంది. మా బ్యాచ్‌లో అరవై మందికి రెండు రౌటర్లు, మూడు స్విచ్‌లు. యాక్సెస్ పాయింట్ ఒక్కటి కూడా లేదు. మూడు నెలల్లో కన్సోల్ కేబుల్ నా చేతికి వచ్చింది రెండుసార్లు, ఒక్కోసారి ఇరవై నిమిషాలు. రెండోసారి పాస్‌వర్డ్ ఎవరో మార్చేసి ఉంటే, దాన్ని రికవరీ చేయడానికే ఆ ఇరవై నిమిషాలూ అయిపోయాయి. కంప్యూటర్‌లోనే నెట్‌వర్క్ కట్టి చూసుకునే ప్యాకెట్ ట్రేసర్ సాఫ్ట్‌వేర్ ఉన్న పెన్ డ్రైవ్‌కు తలా 300 రూపాయలు వసూలు చేశారు. సిస్కో నెట్‌వర్కింగ్ అకాడమీ సైటులో ఖాతా తెరిస్తే ఆ సాఫ్ట్‌వేర్ ఎవరికైనా ఉచితం. మూడు వందలు పెద్ద మొత్తం కాదు. కానీ ఊరి నుంచి వచ్చిన పిల్లలకు ఉచితంగా దొరికేదాన్ని అమ్మడం నాకు చాలా బాధ కలిగించింది.

అన్నిటికంటే నన్ను కలచివేసింది ఏప్రిల్‌లో జరిగిన విషయం. బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో మీ సిబ్బంది నంబరు నుంచే ఒక పీడీఎఫ్ వచ్చింది. "లేటెస్ట్ డంప్స్. ఇవి బట్టీ కొడితే చాలు, పాస్ గ్యారంటీ" అని కింద రాశారు. పరీక్ష మొదలయ్యే ముందు, అందులోని ప్రశ్నలు బయటపెట్టనని ప్రతి అభ్యర్థీ సిస్కోకు ఒప్పుకోవాలి. అది మీరితే సర్టిఫికెట్ రద్దు చేయవచ్చు, మళ్లీ పరీక్ష రాయకుండా నిషేధించవచ్చు. ఈ సంగతి ఆ గ్రూపులో ఉన్న అరవై మందికి ఎవరూ చెప్పలేదు. పట్టుబడితే నష్టపోయేది మీరు కాదు, వాళ్లు. పరీక్షలో నాకు ఏం వచ్చిందో ఈ లేఖలో కూడా రాయడం లేదు, మాట ఇచ్చాను కాబట్టి.

పట్టుబడకుండా పాసయినా ఏమవుతుందో మీకు చెప్పాలి. మే నెలలో మాదాపూర్‌లో ఒక ఇంటర్వ్యూకు వెళ్లాను. నేను డంప్స్ చదవలేదు గానీ, చదువుకున్న స్లైడ్లన్నీ నోటికి వచ్చు. ఇంటర్వ్యూ చేసినాయన ల్యాప్‌టాప్ నా వైపు తిప్పారు. రెండు స్విచ్‌లు, నాలుగు పీసీలు, వీల్యాన్ 10, వీల్యాన్ 20 (ఒకే స్విచ్‌ను వేర్వేరు నెట్‌వర్కులుగా విడదీసే గుంపులు). "పదిలో పింగ్ వెళ్తోంది, ఇరవైలో అవతలి స్విచ్‌కి వెళ్లడం లేదు. ఎందుకో చూడమ్మా" అన్నారు. ఐపీ అడ్రసులు చూశాను. మాస్కులు చూశాను. ఏ పోర్టు ఏ వీల్యాన్‌లో ఉందో చూశాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. పది నిమిషాలు గడిచాయి, అరచేతులు చెమటలు పట్టాయి. స్విచ్‌ల మధ్య వేర్వేరు వీల్యాన్లను మోసే లింకును ట్రంక్ అంటారు. అది ఏమిటని అడిగి ఉంటే గడగడా చెప్పేదాన్ని. చివరికి ఆయనే "షో ఇంటర్‌ఫేసెస్ ట్రంక్" అని కొట్టి చూపించారు. ట్రంక్ మీద అనుమతించిన వీల్యాన్ల దగ్గర 10 ఒక్కటే ఉంది. 20 లేదు. ఒక్క లైను కమాండుతో దాన్ని కలపగానే పింగ్‌కు జవాబు వచ్చింది. "నువ్వు చదివావు తల్లీ, చెయ్యలేదు" అన్నారాయన, కోపం లేకుండానే.

అప్పటి నుంచి మళ్లీ మొదటి నుంచి నేర్చుకున్నాను. నా రూమ్మేట్ ఫార్మసీ చదువుతోంది, తనకు నెట్‌వర్కింగ్ తెలియదు. నేను ఇరవై తప్పులు, వాటికి కొట్టాల్సిన కమాండ్లతో సహా ఒక కాగితం మీద రాసిస్తే, రోజూ రాత్రి అందులో తనకు నచ్చినది ఒకటి చేసి, కాగితం దిండు కింద దాచి, ల్యాప్‌టాప్ నా చేతికి ఇచ్చేది. గేట్‌వే తప్పు, ఒక పోర్టు షట్‌డౌన్, ఓఎస్‌పీఎఫ్ ఏరియా నంబరు తేడా, యాక్సెస్ లిస్టులో వరస తారుమారు. మొదట్లో ఒక తప్పు దొరకడానికి గంట పట్టేది. జూలై వచ్చేసరికి అయిదు నిమిషాల్లో పట్టుకునేదాన్ని. ఒక ల్యాప్‌టాప్, ఉచిత సాఫ్ట్‌వేర్, ఒక కాగితం, ఒక స్నేహితురాలు. ఈ పని మీ క్లాసులో అరవై మంది జంటలుగా కూర్చుని చేసి ఉండవచ్చు. దానికి ర్యాక్ కూడా అవసరం లేదు.

పరీక్ష ఫీజు కోసం మే, జూన్ నెలల్లో నాలుగుసార్లు మీ ఆఫీసుకు వచ్చాను. మొదటిసారి వచ్చే వారం అన్నారు. రెండోసారి అకౌంట్స్ మేడమ్ సెలవు. మూడోసారి ఆ ఆఫర్ మార్చితో అయిపోయిందన్నారు. నాలుగోసారి రసీదు వెనక రాసింది చూపిస్తే, "అది కౌన్సెలర్ పర్సనల్‌గా రాసింది, కంపెనీకి సంబంధం లేదు. ఆయన ఇప్పుడు ఇక్కడ పనిచేయడం లేదు" అన్నారు. పరీక్షకు 300 డాలర్లు, దాని మీద పన్ను, మన లెక్కలో ముప్పై వేలు దాటింది. మా మేనమామ దగ్గర అప్పు తెచ్చి కట్టాను.

ప్లేస్‌మెంట్ కింద మీరు నన్ను పంపింది ఒకే ఒక్క ఇంటర్వ్యూకు. ఇంటింటికీ తిరిగి బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లు అమ్మే పని అది. ఏ పనీ తక్కువ కాదు, కానీ దానికి సీసీఎన్‌ఏ అక్కర్లేదు. మాదాపూర్ ఇంటర్వ్యూ, ఇప్పటి ఉద్యోగం నేను సొంతంగా వెతుక్కున్నవి.

నేను అడుగుతున్నది ఇది. పరీక్ష ఫీజు కోసం తీసుకున్న 30,000 పూర్తిగా తిరిగి ఇవ్వండి. ట్యూషన్ ఫీజులో సగం, 11,000 వెనక్కి ఇవ్వండి. సగమే అడగడానికి కారణం ఆ మొదటి మూడు వారాలు. ఆ ట్రైనర్ గారి కష్టాన్ని నేను కాదనలేను. డబ్బుతో పాటు ఇంకో రెండు పనులు చేయాలి. ఆ డంప్స్ పంపడం ఆపి, అది ఎందుకు ప్రమాదమో అదే గ్రూపులో మీ పేరుతో రాయండి. చేరడానికి వచ్చేవాళ్లకు ఏ పరీక్ష, ఏ వెర్షన్ చెబుతున్నారో కౌన్సెలింగ్ టేబుల్ మీద కాగితం పెట్టండి. మీ దగ్గర దసరా తర్వాత కొత్త బ్యాచ్ మొదలవుతుందని విన్నాను. కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చే ఏ తండ్రి అయినా ఆ కాగితం చదివి నిర్ణయం తీసుకోగలగాలి.

2024 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ కోచింగ్ ప్రకటనలపై మార్గదర్శకాలు తెచ్చింది. ఉద్యోగం గ్యారంటీ అంటూ తప్పుడు ఆశ చూపించే ప్రకటనలకు అవి అడ్డుకట్ట వేశాయి. మీ కరపత్రం నా దగ్గర భద్రంగా ఉంది. సెప్టెంబరు 30 లోపు రాతపూర్వకంగా జవాబు రాకపోతే 1915 హెల్ప్‌లైన్‌కు ఫిర్యాదు చేసి, తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 5 లక్షల లోపు కేసుకు అక్కడ ఫీజు లేదు. నాకు నైట్ షిఫ్టు కాబట్టి పగలు అక్కడికి రావడానికి ఇబ్బంది లేదు.

రసీదు రెండు వైపులా జిరాక్స్, కరపత్రం, పెన్సిల్ టిక్కులు ఉన్న సిలబస్ కాగితం, వాట్సాప్ సందేశం ప్రింటు, పరీక్ష ఫీజు చెల్లించిన రసీదు జత చేశాను. నా పేరు, ఫోను నంబరు రసీదులో ఉన్నాయి. డబ్బు నాకు కాదు, ఫీజు కట్టిన మా నాన్నగారి ఖాతాకు వేయండి. గొలుసు విడిపించుకోవడానికి బ్యాంకు ఇచ్చిన గడువు అక్టోబరు 31.

ఇట్లు,
భవదీయురాలు,
2025 జనవరి, ఉదయం 7 గంటల బ్యాచ్ విద్యార్థిని