జావెలిన్ కొనే ముందు: తల్లిదండ్రులకు ప్రధానోపాధ్యాయుని లేఖ

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారం.

వార్షిక క్రీడోత్సవం దగ్గరపడుతున్నందున జావెలిన్ (ఈటె), డిస్కస్, షాట్‌పుట్ సాధన మొదలైంది. నీరజ్ చోప్రాను చూసి ముచ్చటపడిన కొందరు పిల్లలు వయోజన పురుషులు వాడే 800 గ్రాముల జావెలిన్‌ను ఇంట్లో పట్టుబట్టి కొనిపించుకుని తెస్తున్నారు. ఉత్సాహాన్ని కాదనలేము, అయితే 18 ఏళ్లలోపు పోటీల్లో బాలుర జావెలిన్ 700 గ్రాములు, బాలికలది 500 గ్రాములు మాత్రమే. ఎదిగే భుజానికి, మోచేతికి తగినట్లు పెట్టిన బరువులివి.

పెద్దల ఈటె కూడా మొదటి నుంచీ ఇలాగే లేదు. 1984లో తూర్పు జర్మనీ క్రీడాకారుడు ఉవే హోన్ 104.80 మీటర్లు విసిరినప్పుడు, ఇక స్టేడియం చాలదేమోనన్న భయం కలిగింది. అంతకన్నా పెద్ద చిక్కు, నా ఉద్దేశంలో, ఆనాటి ఈటె గాలిలో తేలుతూ వెళ్లి బల్లపరుపుగా నేలపై వాలడం. మొన ముందు తాకిందా, తోక ముందు తాకిందా అని న్యాయనిర్ణేతలు తేల్చుకోలేకపోయేవారు. అందుకే 1986లో పురుషుల ఈటె గరిమనాభిని (బరువు సమతూగే చోటును) 4 సెంటీమీటర్లు ముందుకు జరిపారు. దాంతో మొన త్వరగా కిందికి వంగి, ఈటె నేలలో దిగబడసాగింది, దూరం తగ్గింది, రికార్డుల లెక్క మళ్లీ మొదలైంది. మహిళల ఈటెకు ఈ మార్పు 1999లో వచ్చింది. తయారీదారులూ ఊరుకోలేదు: తోకను గరుకుగా చేసి పోయిన దూరాన్ని కొంత రాబట్టారు. 1991లో దాన్నీ నిషేధించి, అలాంటి ఈటెలతో నెలకొల్పిన రికార్డులను రద్దు చేశారు. అదే హోన్ తరువాత కొంతకాలం మన నీరజ్‌కు శిక్షకుడు కావడం విశేషం.

డిస్కస్, షాట్‌పుట్ పడవలసిన సెక్టార్ (గీతలు గీసిన విసనకర్ర ఆకారపు స్థలం) కోణాన్ని కూడా 40 డిగ్రీల నుంచి 34.92కు కుదించారు. విజయవాడ నడిబొడ్డున, ప్రహరీని ఆనుకునే రోడ్డున్న మన మైదానానికి ఆ ఇరుకు కోణమే క్షేమం. పక్కకు పోయిన డిస్కస్ ఎవరికి తగులుతుందో చెప్పలేము కనుక, క్రీడోత్సవం నాడు ఫొటోల కోసం కూడా ఎవరూ సెక్టార్ గీతలు దాటవద్దు. విసిరేవారి వెనుక వైపు, తాడు కట్టిన చోటే నిలబడవలసిందిగా మనవి.

ఇప్పటికే జావెలిన్ కొన్నవారు దానిని వ్యాయామ ఉపాధ్యాయునికి చూపించి తూకం వేయించండి. బరువు ఎక్కువైతే దుకాణంలో మార్చుకునేందుకు బిల్లు దాచి ఉంచండి. ఇంకా కొననివారు తొందరపడనక్కరలేదు, సాధనకు కావలసినవి బడిలోనే ఉన్నాయి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయుడు