వంతెన కట్టండి, ఏటి గట్టు చెట్లను మిగల్చండి

తిరుపతి జిల్లా కలెక్టర్ గారికి నమస్కారం.

స్వర్ణముఖి మీద మా ఊరి దగ్గర వంతెన వస్తోందని తెలిసి సంతోషించినవాళ్లలో నేనూ ఉన్నాను. 2021 నవంబరు వరదల్లో ఏరు దాటలేక జనం పడిన అవస్థ కళ్లారా చూశాను. పని ఆపమని అడగడం లేదు. టిప్పర్లు, పొక్లెయిన్లు వెళ్లడానికి వేస్తున్న తాత్కాలిక దారి గురించే నా బాధ.

ఆ దారి గట్టు మీది కానుగ చెట్ల వరుసలోంచి వెళ్తుంది. మొదళ్లకు అప్పుడే ఎర్ర రంగుతో నంబర్లు వేశారు. ఒక్కసారి వచ్చి చూడండి. వరద కోతకు ఏటివైపు మట్టి జారిపోయి వేళ్లు బయటపడ్డాయి. అయినా అవి ఒకదానిలోకి ఒకటి అల్లుకుని మిగిలిన మట్టిని వదలకుండా పట్టుకున్నాయి. చెట్లు లేని చోట ఒడ్డు విరిగిపడింది, ఇక్కడ పడలేదు. కూలి పనులకు వెళ్లే ఆడవాళ్లు మధ్యాహ్నం సద్ది విప్పుకునేదీ ఈ నీడలోనే. ఒకప్పుడు ఈ కానుగ కొమ్మలే నరికి వరి మడుల్లో పచ్చిరొట్ట ఎరువుగా తొక్కేవారు.

కాస్త అవతలే సర్కారు తుమ్మ దట్టంగా పెరిగి ఉంది. అది మన నేల చెట్టు కాదు, పోతే ఏడ్చేవారూ లేరు. దారిని అటు జరిపితే కొంచెం చుట్టు తిరగాలి, అంతే. చెట్టు కొట్టాలంటే అనుమతి తీసుకోవాలని 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం చెబుతోంది కదా. ఆ అనుమతి ఇచ్చే ముందు ఇంజనీర్లను, అటవీ అధికారులను కలిపి ఆ గట్టు మీద నడిపించండి.

ఎంత చేసినా కొన్ని చెట్లు పోక తప్పదు. వాటి బదులు ఏం నాటుతారన్నదే నా అసలు భయం. ఇంతకుముందు ఇక్కడ రోడ్డు పని చేసిన గుత్తేదారు కోనోకార్పస్ అనే విదేశీ మొక్కలు నాటించి, ఫొటోలు తీయించుకుని వెళ్లిపోయారు. హాని చేస్తుందని గుజరాత్ 2023లోనే ఆ మొక్కను నిషేధించింది. మనకెందుకు? నీటి అంచున తెల్లమద్ది, నేరేడు, కాస్త పైన కానుగ, వేప, మేడి నాటించండి. కొట్టబోయే కానుగల కాయలు ముందే ఏరించి నర్సరీకి ఇస్తే, ఈ గట్టు విత్తనమే మళ్లీ ఈ గట్టుకు చేరుతుంది. కానుగ గింజ మొలవడానికి పెద్ద హంగామా అక్కర్లేదు.

ఇంకొకటి. టిప్పర్లు నెలల తరబడి తిరిగిన నేల రాయిలా బిగుసుకుపోతుంది. అందులో గునపంతో చిన్న గుంట తీసి మొక్క పెడితే వేరు కిందికి దిగదు. దారి వేసే ముందు పైమట్టిని తీసి ఒక పక్క కుప్ప పోయించాలి. పని అయ్యాక కంకర ఎత్తించి, లోతుగా దున్నించి, ఆ మట్టినే తిరిగి పరిపించాలి. మనకు పెద్ద వానలు అక్టోబరు, నవంబరులో ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి కాబట్టి సెప్టెంబరు ఆఖరుకు నాట్లు పూర్తికావాలి. వేసవి నీళ్లు, కంచె, చనిపోయిన మొక్క స్థానంలో కొత్త మొక్క, ఇవన్నీ మూడేళ్లపాటు గుత్తేదారు బాధ్యతగా ఒప్పందంలో రాయించండి. బతికిన మొక్కలను లెక్కపెట్టాకే ఆఖరి బిల్లు ఇవ్వండి.

కోత మొదలయ్యేలోపు నంబర్లు వేసిన చెట్ల జాబితాను, దారి పటాన్ని పంచాయతీ కార్యాలయం గోడకు అంటించమని ఆదేశించవలసిందిగా వేడుకుంటున్నాను.

ఇట్లు
స్వర్ణముఖి ఒడ్డున సేద్యం చేసుకునే ఒక రైతు