కణాలు, కణజాలాల స్లైడ్ పెట్టెలో తప్పు పేర్లు, మందపాటి కోతలు: ఫిర్యాదు

నాణ్యతా విభాగం అధికారి గారికి,

విషయం: హైస్కూల్ తరగతుల కోసం మీరు పంపిన 25 స్లైడ్ల పెట్టెలోనూ, దానితో వచ్చిన రంజకాలు (కణాలకు రంగు పట్టించే ద్రావణాలు), ఉపాధ్యాయ కరదీపిక, గోడపటంలోనూ ఉన్న లోపాలు.

అయ్యా,

కణం ఎలా ఉంటుందో, ఒకే తరహా కణాలు కలిసి కణజాలంగా ఎలా పనిచేస్తాయో పిల్లలకు మొదటిసారి చూపించడానికి ఈ పెట్టె తీసుకున్నాం. తరగతిలో పెట్టేముందు 25 స్లైడ్లనూ మైక్రోస్కోప్‌లో స్లైడ్ వైపు ఉండే 4, 10, 40 రెట్ల లెన్స్‌లతో (ఆబ్జెక్టివ్‌లతో) వరుసగా పరీక్షించాం. 3 స్లైడ్లలో పైన రాసిన పేరు ఒకటి, లోపల ఉన్నది మరొకటి. మరో 6 స్లైడ్లలో కోత, అంటే గాజు మీద అతికించిన పలుచటి కణజాలపు ముక్క, మరీ మందంగా ఉంది. ఫోటోలు జతచేస్తున్నాం.

ముందుగా రక్తం స్లైడ్. లేబుల్ మీద ‘మానవ రక్తం’ అని ఉంది. లోపల కోలగా ఉన్న ఎర్ర రక్తకణాలున్నాయి, ప్రతి కణం మధ్యలోనూ ముదురు ఊదా రంగులో కేంద్రకం ఉంది. మనిషి ఎర్ర రక్తకణం గుండ్రంగా, రెండు వైపులా నొక్కిన బిళ్ళలా ఉంటుంది. పూర్తిగా ఎదిగాక దానిలో కేంద్రకం ఉండదు. క్షీరదాలన్నిటిలోనూ అంతే. ఒంటె ఎర్రకణాలు కోలగా ఉన్నా వాటిలో కూడా కేంద్రకం ఉండదు. కాబట్టి ఇది మనిషి రక్తమే కాదు, అసలు క్షీరదం రక్తమే కాదు. కొలతలు కూడా అదే చెబుతున్నాయి. మేం వాడిన ఐపీస్ (కంటి వైపు లెన్స్) ఫీల్డ్ సంఖ్య 18. దాన్ని ఆబ్జెక్టివ్ రెట్లతో భాగిస్తే కనిపించే వలయం వ్యాసం మిల్లీమీటర్లలో వస్తుంది. 40 రెట్ల ఆబ్జెక్టివ్‌తో కనిపించే వలయం వ్యాసం 18 ÷ 40 = 0.45 మిల్లీమీటర్లు, అంటే 450 మైక్రోమీటర్లు. మనిషి ఎర్రకణం 7 నుంచి 8 మైక్రోమీటర్లు ఉంటుంది కనక వలయానికి అడ్డంగా దాదాపు 60 కణాలు పట్టాలి. ఈ స్లైడ్‌లోని కణాలను పొడవు వైపు నుంచి లెక్కిస్తే 20 దగ్గరే ఆగుతున్నాయి. ఒక్కొక్కటి సుమారు 22 మైక్రోమీటర్లన్నమాట. కప్ప రక్తానికి సరిపోయే కొలత అది.

ఎర్రకణంలో కేంద్రకం లేకపోవడం చిన్న సంగతి కాదు. కేంద్రకం పోయిన చోటంతా ఆక్సిజన్‌ను మోసే హీమోగ్లోబిన్‌కు దక్కుతుంది. కణం ఆకారానికీ అది చేసే పనికీ ఉన్న సంబంధాన్ని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకడం కష్టం. పాఠంలో లేదని చెప్పి స్లైడ్‌లో ఉన్నట్టు చూపిస్తే పిల్లలు తమ కంటినే నమ్ముతారు, నమ్మాలి కూడా. మైక్రోస్కోప్ ముందు కూర్చోబెట్టేదే అందుకు. ఇదే స్లైడ్‌ను ‘కప్ప రక్తం’ అని రాసి, పక్కన మనిషి రక్తం స్లైడ్ కూడా ఇచ్చి ఉంటే, రెంటినీ పోల్చడానికి చక్కగా పనికొచ్చేది.

‘ఏకదళబీజ కాండం, అడ్డుకోత’ అన్న స్లైడ్‌లో నాళికాపుంజాలు (నీటినీ ఆహారాన్నీ మోసే కణజాలపు కట్టలు) ఒకే వలయంగా ఉన్నాయి, నడిమధ్య దవ్వ ఉంది, నీటిని మోసే దారువుకూ ఆహారాన్ని మోసే పోషక కణజాలానికీ మధ్య విభాజ్య కణావళి (కొత్త కణాలను పుట్టించే కణాల) పొర స్పష్టంగా కనిపిస్తోంది. ఇవన్నీ ద్విదళబీజ కాండం గుర్తులు. ఏకదళబీజ కాండంలో పుంజాలు వాటి చుట్టూ నిండి ఉండే మూల కణజాలమంతటా చెల్లాచెదురుగా ఉంటాయి, వాటిలో విభాజ్య కణావళి ఉండదు. రెండు లేబుళ్లు అటూ ఇటూ మారాయేమో అనుకుని ‘ద్విదళబీజ కాండం’ స్లైడ్ కూడా చూశాం. అదీ ఇలాంటిదే. అంటే పెట్టెలో ద్విదళబీజ కాండాలు రెండున్నాయి, ఏకదళబీజ కాండం ఒక్కటీ లేదు. మూడోది ‘హృదయ కండరం’. చారలు కనిపిస్తున్నాయి నిజమే, కానీ చారలు అస్థి కండరంలోనూ ఉంటాయి. ఇందులోని తంతువులకు శాఖల్లేవు, కేంద్రకాలు అనేకంగా అంచుల వెంట ఉన్నాయి, కణానికీ కణానికీ మధ్య ఉండాల్సిన అడ్డ పట్టీలు లేవు. ఇది అస్థి కండరమే.

ఇక మందం సంగతి. ఆకు అడ్డుకోత స్లైడ్‌లో కోత పైతలం నుంచి అడుగుతలం వరకు ఫోకస్ మార్చడానికి సూక్ష్మ సవరణ మరను 22 గీతలు తిప్పాల్సి వచ్చింది. ఆ మర ఒక గీతకు 2 మైక్రోమీటర్లు కదులుతుంది. జిగురులో కాంతి వంగడం వల్ల మందం అసలుకన్నా తక్కువగా కనిపిస్తుంది. కోతను అతికించిన జిగురు వక్రీభవన గుణకం (కాంతిని ఎంత వంచుతుందో చెప్పే అంకె) సుమారు 1.5 కాబట్టి అసలు మందం 44 × 1.5, అంటే 66 మైక్రోమీటర్ల దగ్గర ఉంటుంది. మొక్కల కోత 10 నుంచి 15 మైక్రోమీటర్లు, జంతు కణజాలాల కోత 5 నుంచి 7 మైక్రోమీటర్లు ఉంటేనే ఒక్క వరుస కణాలు విడిగా కనిపిస్తాయి. ఈ స్లైడ్‌లో నాలుగైదు వరుసలు ఒకదాని మీద ఒకటి పడి, స్తంభ కణజాలం (ఆకులో స్తంభాల్లా నిలువుగా పేర్చినట్టుండే కణాలు) అంతా కలిసి ఒక నల్లటి గోడలా ఉంది. కణానికి హద్దు ఎక్కడో పిల్లలకు అందదు. కణం అనే ఊహ మొదలయ్యేదే ఆ హద్దుతో.

కోతను కప్పే పలుచటి గాజు ముక్కలు, అంటే కవర్‌స్లిప్‌లు, దీన్ని ఇంకా చెడగొట్టాయి. 40 రెట్ల ఆబ్జెక్టివ్‌ల మీద సాధారణంగా 0.17 అని చెక్కి ఉంటుంది, అంటే 0.17 మిల్లీమీటర్ల కవర్‌స్లిప్‌కు సరిపడేలా వాటిని తయారుచేస్తారు. విడిగా ఇచ్చిన కవర్‌స్లిప్‌లను స్క్రూగేజ్‌తో కొలిస్తే 0.24 నుంచి 0.28 వరకు వచ్చాయి. ఇలాంటి వాటి కింద అంచులు మసకబారతాయి, ఫోకస్ ఎంత సవరించినా పదును రాదు. లెన్స్‌కూ స్లైడ్‌కూ మధ్య ఉండే సందు ఎలాగూ తక్కువే, దాంతో లెన్స్ గాజుకు తగిలి గీతలు పడే ప్రమాదం కూడా ఉంది.

ఉల్లి వేరు కొన స్లైడ్ మాత్రం చాలా బాగుంది. కణవిభజన దశలు నాలుగూ ఒకే వలయంలో దొరుకుతున్నాయి. ఆ పనితనం మీ దగ్గర ఉందని తెలిసింది కాబట్టే మిగతావి ఇలా రావడం బాధగా ఉంది.

చెంప కణాల ప్రయోగానికి ఇచ్చిన మిథిలీన్ బ్లూ 1 శాతం ద్రావణం. 3 చుక్కలు వేసి 5 నిమిషాలు ఉంచమని కరదీపికలో రాశారు. అలా చేస్తే కణద్రవ్యం, కేంద్రకం అన్నీ ఒకే నీలంలో మునిగిపోతాయి. 1 మిల్లీలీటరు ద్రావణానికి 9 మిల్లీలీటర్ల నీళ్లు కలిపి 0.1 శాతానికి తెచ్చి, ఒక్క చుక్క వేసి, ఒక నిమిషం తర్వాత కవర్‌స్లిప్ అంచున వడపోత కాగితం ఆనించి మిగులు రంగును లాగేస్తే కేంద్రకం విడిగా తేలుతుంది. కణాలను మామూలు నీటిలో పెట్టమన్నారు. నీరు లోపలికి చేరి అవి ఉబ్బుతాయి. 100 మిల్లీలీటర్లకు 0.9 గ్రాముల ఉప్పు కలిపిన నీరు వాడాలి. అన్నిటికంటే ముందు మార్చాల్సిన వాక్యం మరొకటుంది: ‘పుల్లను కడిగి తర్వాతి విద్యార్థికి ఇవ్వండి’. ఒకరి నోటిలో పెట్టిన పుల్ల ఇంకొకరి నోటికి వెళ్లకూడదు. మనిషికొక కొత్త పుల్ల, వాడగానే క్రిమిసంహారకంలోకి. ఆ వాక్యాన్ని ఈ రోజే తొలగించండి.

కరదీపికలో పాఠం తప్పులూ ఉన్నాయి. ‘మొక్కల కణాల్లో మైటోకాండ్రియాకు బదులు హరితరేణువులు ఉంటాయి’ అన్నారు. మొక్కల కణాల్లో శ్వాసక్రియతో శక్తిని అందించే మైటోకాండ్రియా కూడా ఉంటాయి. లేకపోతే వెలుతురు సోకని వేరు కణం ఎలా శ్వాసిస్తుంది? ఉల్లిపొరలో హరితరేణువులు చూడమన్నారు. నేల లోపల, వెలుగు తగలకుండా ఊరిన ఆ రేకుల్లో అవి ఉండవు. పచ్చటి రేణువులు చూపించాలంటే హైడ్రిల్లా ఆకు చాలు, కోత కూడా అక్కర్లేదు. ఇక ఫోటోల కింద ‘400 రెట్లు’ అని రాసిన అంకెకు అర్థం లేదు. చెంప కణం ఫోటోలో 90 మిల్లీమీటర్లుంది, అసలు కణం సుమారు 0.06 మిల్లీమీటర్లు. పేజీ మీద అది 1500 రెట్లయింది. ప్రతి ఫోటోలోనూ ఒక కొలత గీత ముద్రిస్తే అచ్చులో బొమ్మ ఎంత పెరిగినా తరిగినా లెక్క తప్పదు.

గోడపటంలో చర్మాన్ని కణజాలాల వరుసలో, రక్తాన్ని అవయవాల వరుసలో పెట్టారు. ఇవి తారుమారయ్యాయి. చర్మంలో ఉపకళా (పైపొరలుగా పరుచుకునే), సంయోజక (మిగతావాటిని కలిపి ఉంచే), కండర, నాడీ కణజాలాలు నాలుగూ ఉన్నాయి కనక అది అవయవం. రక్తం సంయోజక కణజాలం. పటం కింద ‘ఏకకణ జీవుల్లో వ్యవస్థీకరణ ఉండదు’ అన్న మాట కూడా సరికాదు. పారమీషియం ఒక్క కణంతోనే ఈదుతుంది, తింటుంది, అదనపు నీటిని సంకోచ రిక్తికలతో (ముడుచుకుని నీటిని నెట్టే సంచులతో) బయటికి పంపుతుంది. అక్కడ వ్యవస్థీకరణ కణం లోపలే ఉంది.

మేం కోరేవి ఇవి. పేర్లు తప్పిన 3 స్లైడ్లు, మందంగా ఉన్న 6 స్లైడ్లు మార్చి పంపండి. కొత్త లేబుళ్ల మీద జీవి పేరు, అడ్డుకోతో నిలువుకోతో, మందం, వాడిన రంజకం రాయండి. కవర్‌స్లిప్‌లు 0.17 మిల్లీమీటర్లవి ఇవ్వండి. కరదీపికకూ పటానికీ తప్పొప్పుల పట్టిక ముద్రించి, ఈ పెట్టె తీసుకున్న పాఠశాలలన్నిటికీ పంపండి. రక్తం స్లైడ్ ఒక పెట్టెలో మారిందంటే, అదే రోజు కట్టిన మిగతా పెట్టెల్లోనూ మారి ఉండవచ్చు, వాటినీ తెరిచి చూడండి. లోపమున్న 9 స్లైడ్లను విడిగా కట్టి ఉంచాం. ఎక్కడికి తిప్పి పంపాలో తెలియజేయండి.

ఇట్లు,
జీవశాస్త్ర ఉపాధ్యాయులు

జత: స్లైడ్ల ఫోటోలు 9, కవర్‌స్లిప్‌ల కొలతల పట్టిక 1