మా ఆయన చేత సిగరెట్టు మాన్పించిన వాళ్లందరికీ

మా ఆయనకు పేగు ఆపరేషన్ చేసిన సర్జన్ గారికి, రాత్రంతా కనిపెట్టుకుని ఉన్న సిస్టర్లకు, రక్తం ఇచ్చిన వర్క్‌షాప్ తమ్ముళ్లకు, ఈఎస్‌ఐ కాగితాల కోసం తిరిగిన ఆఫీసు అన్నకు ఆసుపత్రిలో ఉన్నప్పుడే దండం పెట్టుకున్నాను. ఈ పోస్టు ఆ తర్వాత పని అందుకున్నవాళ్ల కోసం. కోసి తీసేసిన జబ్బు మళ్లీ తిరగబెట్టకుండా చూసింది వీళ్లే. వీళ్లలో చాలామందికి తాము చేసింది వైద్యమని కూడా తెలియదు. తెలియాలనే రాస్తున్నాను.

మాది కదిరి దగ్గర పల్లె. మా ఆయన బెంగళూరు పీణ్యలో సీఎన్‌సీ ఆపరేటరు, అంటే కంప్యూటరుతో నడిచే కోత మిషన్ మీద పని. నేను జాలహళ్లి క్రాస్ దగ్గర ఒక స్కూల్లో సైన్సు చెబుతాను. ఆయనకున్నది క్రోన్స్ అనే పేగువాపు జబ్బు. నోటి నుంచి మలద్వారం దాకా ఎక్కడైనా రావచ్చు గానీ, చిన్నపేగు పోయి పెద్దపేగులో కలిసే చోట ఎక్కువగా వస్తుంది. మన దేశంలో పేగు టీబీ కూడా సరిగ్గా అక్కడే వస్తుంది. కొలనోస్కోపీ చేసినా, అంటే కెమెరా ఉన్న గొట్టంతో పేగు లోపల చూసినా, ముక్క తీసి పరీక్షకు పంపినా ఒక్కోసారి రెండింటినీ విడదీయడం కష్టమట. అందుకే మాకూ ముందు టీబీ మందులే వాడించారు. అవి పనిచేయలేదని తేలేసరికి పేగు గోడ మందమెక్కి దారి ఇరుకైపోయింది. అన్నం తిన్న కాసేపటికి కుడివైపు పొత్తికడుపు మెలిపెట్టేది. మనిషి చొక్కాలో తేలిపోయేవాడు. చివరికి ఆ ముక్క కోసి తీసి, రెండు కొసలూ కలిపి కుట్టారు.

మొదటి దండం మా గ్యాస్ట్రో డాక్టరమ్మకు. కన్నడం కలిసిన తెలుగులో ఆమె అడిగిన మొదటి ప్రశ్న "సిగరెట్టు ఎన్ని?" అని. "ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయి మేడమ్" అన్నారు ఈయన. "నేను అడిగేది మీ పేగు గురించే" అంటూ ఆమె మందుల చీటీ తీసుకుని, ఒకటో నంబరు వేసి "సిగరెట్టు బంద్" అని రాశారు. రోగనిరోధక శక్తి దూకుడును తగ్గించే అజాథయోప్రిన్ మాత్ర రెండో నంబరు. ఆ చీటీ ఇప్పటికీ మా ఫైల్లో పైనే ఉంది.

అంతకుముందు చూసినవాళ్లు కారం తగ్గించమన్నారు, పాలు మానమన్నారు, టెన్షన్ పడొద్దన్నారు. పొగకూ పేగుకూ సంబంధం ఉందని ఒక్కరూ చెప్పలేదు. ఈమె కూర్చోబెట్టి చెప్పారు. పొగ తాగేవాళ్లకు క్రోన్స్ వచ్చే అవకాశం తాగనివాళ్ల కంటే సుమారు రెండింతలు. వచ్చాక కూడా మానకపోతే జబ్బు మాటిమాటికీ రేగుతుంది, స్టెరాయిడ్లు ఎక్కువ పడతాయి, ఆపరేషన్ దాకా వెళ్లే ప్రమాదం పెరుగుతుంది. ఆపరేషన్ అయ్యాక సిగరెట్టు కొనసాగిస్తే మళ్లీ లక్షణాలు మొదలయ్యే ప్రమాదం మళ్లీ దాదాపు రెండింతలు, అదీ తరచుగా కుట్టు వేసిన చోటే. ఏడాదికి పైగా పూర్తిగా మానేసినవాళ్లలో మాత్రం జబ్బు నడక ఎన్నడూ తాగనివాళ్ల స్థాయికి దిగివస్తుంది. ఈ చివరి మాటే ఆయనకు పట్టింది. అంత మేలు చేసే పని మన చేతిలో ఉందని అప్పటిదాకా ఎవరూ చెప్పలేదాయె.

పిల్లలకు పాఠం చెప్పేదాన్ని, వివరం అడక్కుండా ఉండలేను. ఎందుకిలా అని అడిగితే, పూర్తిగా తేలలేదని నిజాయితీగా చెప్పారు. పేగు గోడలోని సన్నటి రక్తనాళాల మీద, అక్కడి రోగనిరోధక కణాల మీద, పేగులో బతికే సూక్ష్మజీవుల మీద పొగ ప్రభావం చూపుతుందని, వీటిలో ఏది ఎంతో ఇంకా పరిశోధిస్తున్నారని అన్నారు. ఈ జబ్బును న్యూయార్క్‌లో క్రోన్, ఇంకో ఇద్దరు డాక్టర్లు వివరంగా రాసింది 1932లో. సిగరెట్టుతో ముడి బయటపడింది మాత్రం 1980ల్లో. అంటే నలభై ఏళ్ల కిందటి సంగతి. ఇంకా మన పీణ్య దాకా రాలేదంటే బాధగా ఉంటుంది.

ఇక్కడ ఒక విషయం విడిగా చెప్పాలి, ఎందుకంటే దీనివల్ల మా ప్రయత్నమంతా వెనక్కి పోయేదే. ఓపీ హాల్లో మాలాగే ఎదురుచూస్తున్న చిత్తూరు వైపు అన్న ఒకాయన పరిచయమయ్యారు. ఆయనది అల్సరేటివ్ కొలైటిస్. "నేను సిగరెట్టు మానేసినాకనే నాకీ రోగమొచ్చింది, మానొద్దు తమ్ముడూ" అన్నారాయన. ఆయన అబద్ధం చెప్పలేదు. మా ఆయన ముఖంలో కాస్త వెలుగు రావడం నేను చూశాను. లోపలికి వెళ్లగానే డాక్టరమ్మను అడిగాను. ఆమె విసుక్కోకుండా, బయట జనం ఉన్నా, ఓపిగ్గా చెప్పారు.

పేరుకు రెండూ ఒక కుటుంబంలోని పేగువాపు జబ్బులే గానీ సిగరెట్టు విషయంలో రెండూ చెరో దిక్కు. అల్సరేటివ్ కొలైటిస్ పెద్దపేగు లోపలి పొరకు వచ్చేది. అది పొగ తాగేవాళ్లలో తక్కువగా, మానేసినవాళ్లలో ఎక్కువగా కనిపిస్తుందని 1982లోనే బ్రిటన్ డాక్టర్లు గమనించారు. పొగాకులోని నికోటిన్‌ను చర్మం గుండా ఎక్కించే ప్యాచీలు అంటించి కూడా చూశారు. 1994లో వచ్చిన ఒక పరీక్షలో కొందరికి కొంత గుణం కనిపించింది, దుష్ఫలితాలూ కనిపించాయి. జబ్బు మళ్లీ రాకుండా ఆపడానికి మాత్రం అవి పనికిరాలేదు. అయినా ఏ డాక్టరూ ఆ జబ్బుకు సిగరెట్టు రాయరు. గుండెకు, ఊపిరితిత్తులకు చేసే చెరుపు ముందు ఆ మేలు నిలవదు, ఆ జబ్బుకు ఇంతకంటే మంచి మందులున్నాయి. "ఆయన పేగు వేరు, మీ పేగు వేరు. ఆయన కూడా మళ్లీ మొదలుపెట్టక్కర్లేదు. రమ్మనండి, మాట్లాడతాను" అన్నారు డాక్టరమ్మ. ఆ అన్నను పిలిచి మాట్లాడారు కూడా. మేడమ్, ఆ పది నిమిషాలు మీరివ్వకపోతే మేం ఎక్కడుండేవాళ్లమో.

రెండో దండం ఫోన్లో వినిపించిన ఒక గొంతుకు. సిగరెట్టు పెట్టె మీద ఆ భయంకరమైన బొమ్మ దగ్గర 1800-11-2356 అని ఒక నంబరు ఉంటుంది. పొగాకు మానాలనుకునేవాళ్లకు ప్రభుత్వం పెట్టిన ఉచిత లైను. 2018 నుంచి పెట్టెల మీద వేస్తున్నారు. మన బెంగళూరు మానసిక ఆరోగ్య ఆసుపత్రి నిమ్హాన్స్‌లో కూడా దానికి ఒక కేంద్రం ఉంది, తెలుగులో మాట్లాడతారు. మాకు దొరికిన కౌన్సిలరు అమ్మాయి ఉపన్యాసం ఇవ్వలేదు. రోజులో ఏ సిగరెట్టు ఎప్పుడు, దాన్ని ఎందుకు వెలిగిస్తారు అని ఒక్కొక్కటీ అడిగి రాసుకుంది. లేవగానే ఒకటి, పదిన్నర టీకి ఒకటి, సూపర్‌వైజరు మాట అన్నాక ఒకటి. మానే తేదీ ఈయన చేతనే పెట్టించింది. తాగాలనే తహతహ కొద్ది నిమిషాల్లో దానంతటదే దిగుతుంది, అంతవరకు నీళ్లు చప్పరిస్తూ తాగండి, చోటు మారండి, గట్టిగా ఊపిరి పీల్చి వదలండి అని చెప్పింది. తర్వాత కూడా వాళ్లే ఫోన్ చేసి అడిగేవాళ్లు. ఊళ్లో పెళ్లికి వెళ్లినప్పుడు ఈయన ఒకటి తాగేశారు. ఆ సంగతి చెబితే ఆ అమ్మాయి కోప్పడలేదు, "వెలిగించే ముందు ఏం జరిగింది అన్నా?" అని అడిగింది. ఆ ఒక్క ప్రశ్నకు ఈయన చాలాసేపు మాట్లాడారు. పెళ్లయి ఇన్నేళ్లయినా నాకూ చెప్పని సంగతులు.

నికోటిన్ ప్యాచీ వాడొచ్చా అన్నది మా పెద్ద అనుమానం. క్రోన్స్ ఉన్నవాళ్లు వాడొచ్చని, చెరుపు చేసేది పొగ అని డాక్టరమ్మే చెప్పి రాసిచ్చారు. 21 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, 14కు, తర్వాత 7కు దించారు. మిషన్ దగ్గర చెమటకు, కూలెంట్ నూనెకు అది ఊడిపోయేది. స్నానం చేశాక జబ్బ పైభాగాన్ని పొడిగా తుడుచుకుని, ప్యాచీ అంటించి అరచేత్తో కాసేపు అదిమి పట్టుకుంటే రోజంతా నిలిచేది. రోజుకో చోట మార్చాలి, లేకపోతే చర్మం ఎర్రబారి దురద పెడుతుంది. ఇది మాకు చెప్పింది మందుల షాపులో ఉండే కుర్రాడు. బాబూ, నీకూ దండం.

ఇక మదనపల్లె అన్న. వర్క్‌షాప్ గేటు ఎదుట ఆయన టీ కొట్టు. మీలో చాలామంది చూసే ఉంటారు, బిస్కెట్ల సీసాల పక్కన సిగరెట్టు పెట్టెలు, కమ్మీకి తాడుతో కట్టిన లైటరు. ఆపరేషన్ తర్వాత పనిలో చేరిన రోజు నేను కూడా వెళ్లి, "అన్నా, ఈయనకు లూజు సిగరెట్టు ఇవ్వొద్దు" అని అడిగాను. బేరం పోతుందని అనుకుంటారేమోనని భయపడుతూనే అడిగాను. ఆయన మా ఆయన వైపు తిరిగి, "నీకు టీ ఇస్తా, బన్ను ఇస్తా, అప్పు గూడా ఇస్తా. సిగరెట్టు మాత్రం ఇయ్యను పో" అన్నారు. అన్నమాట నిలబెట్టుకున్నారు. అంతే కాదు, ఆ లైటరును ఇటువైపు నుంచి తీసి కొట్టు వెనక వైపుకు కట్టారు. తాగేవాళ్లంతా అటు పోయేసరికి ఈయన నిలబడే చోటికి వాసన రాకుండా పోయింది. నెలకు ఆయనకెంత నష్టమో నాకు తెలియదు. నేను అడిగితే చెప్పరు. అన్నా, మీ బిడ్డలు చల్లగా ఉండాలి.

షిఫ్టు స్నేహితులు టీకి పిలిచే తీరే మార్చుకున్నారు. "దమ్ము కొడదాం రా" అని ఒక్కరూ అనలేదు. సూపర్‌వైజరు సార్ ఆయనకు మాత్రలు వేసుకునే వేళకు మిషన్ దగ్గర వేరే మనిషిని పెట్టారు. పేర్లు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు.

మా మామయ్య సంగతి రాయకపోతే నా మనసు ఒప్పదు. వేరుశెనగ చేలల్లో బీడీతో గడిపిన మనిషి. కొడుకును చూసుకోవడానికి ఊరినుంచి వచ్చినప్పుడు కండువాలో కట్ట ఉండేది. డాక్టరమ్మ రాసిన చీటీ నేను చదివి వినిపిస్తే ఏమీ అనలేదు. పొద్దున్నే ఆ కట్ట తీసుకెళ్లి పక్కవీధి వాచ్‌మన్‌కు ఇచ్చేసి వచ్చారు. మాతో ఉన్నన్నాళ్లూ ముట్టలేదు. డెబ్బై దాటిన మనిషికి అదెంత కష్టమో, అరుగు మీద ఖాళీ వేళ్లు నలుపుకుంటూ కూర్చున్న ఆయన్ని చూసిన నాకు తెలుసు. మామయ్యా, మీ ముందు నిలబడి చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను. మీ మనవరాలు చదివి వినిపిస్తుంది.

ఈమధ్యే మళ్లీ కొలనోస్కోపీ చేశారు. ఆపరేషన్ అయిన ఆరు నెలలకో, ఏడాది లోపో ఇలా లోపలికి చూడాలట, ఎందుకంటే బయటికి నొప్పి తెలియకముందే కుట్టు దగ్గర పుండ్లు మొదలవ్వచ్చు. మాకు కుట్టు శుభ్రంగా ఉంది, పుండ్లు లేవు. మలపరీక్షలో పేగువాపును పట్టిచ్చే క్యాల్‌ప్రొటెక్టిన్ కూడా మామూలుగా వచ్చింది. మందులు కొనసాగుతున్నాయి, ఇకముందూ కొనసాగుతాయి. ఇది పూర్తిగా పోయే జబ్బు కాదని మాకు తెలుసు. ఆయన మళ్లీ రాగిసంగటి తింటున్నారు, వేరుశెనగ చట్నీతో, కారం కాస్త తగ్గించి.

పీణ్య, దాసరహళ్లి, జాలహళ్లి వైపు మన తెలుగువాళ్లలో ఎవరికైనా క్రోన్స్ అని కొత్తగా తేలి, చేతిలో ఇంకా సిగరెట్టో బీడీయో ఉంటే నాకు మెసేజి పెట్టండి. ఆదివారాలు నాకు తీరికే. డాక్టరు దగ్గరకు తోడు కావాలంటే వస్తాను. ఆ ఉచిత నంబరుకు మొదటిసారి చేయడానికి బెరుకుగా ఉంటే మా ఆయన పక్కన కూర్చుని కలిపిస్తానన్నారు.